బల్ల 304, కాళ్లు 202: ఒక రొయ్యల ఫ్యాక్టరీ తుక్కును వేరు చేసిన అనుభవం

లారీ వెళ్లిన మూడో రోజు సాయంత్రం అదే సరుకుతో తిరిగొచ్చింది. మేం 304 గ్రేడు అని బిల్లు రాసి పంపిన 6,180 కిలోల స్టెయిన్‌లెస్ తుక్కు. కొన్నవాళ్లు పట్టా సగం విప్పి చూసి, మళ్లీ కట్టి పంపేశారు. డ్రైవరు ఒక కాగితం ఇచ్చాడు. 20 చోట్ల గన్ (లోహంలో ఏమేముందో చూపే చేతి యంత్రం) పెట్టి చూశారట, 5 చోట్ల 200 సిరీస్, అంటే 202 లాంటి చవక రకం, వచ్చిందట. లోడు మొత్తం 202 ధరకి ఇస్తే దించుకుంటాం, లేకపోతే తీసుకెళ్లండి అన్నారు. 202 ధర 304 ధరలో దాదాపు సగం. అందుకే తెచ్చేయమన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు టెన్షన్ ఉంది. అంతకంటే ఎక్కువగా మా సరుకు మీద మాట పడిందన్న బాధ ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో 19 ఏళ్లుగా యార్డు నడుపుతున్నాను. తుక్కు వ్యాపారంలో మనకి పేరంటూ ఉంటే అది మనం రాసిన గ్రేడు వల్లే. 304 అని రాస్తే 304 ఉండాలి. ఆ లాట్‌లో ఏం జరిగింది, ఎక్కడ తప్పాం, ఎలా సరిచేశాం అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి పనికొస్తుందన్న నమ్మకంతో రాస్తున్నాను.

లాట్ గురించి

భీమవరం వైపు మూతపడిన ఒక రొయ్యల ప్రాసెసింగ్ ఫ్యాక్టరీ అది. షెడ్డు, యంత్రాలు, పైపులు, బల్లలు అన్నీ కలిపి ఒకే లాట్‌గా అమ్మారు. మధ్యవర్తి ఫోన్లో చెప్పిన మొదటి మాట, "నాలుగు టన్నుల రాగి ఉంటుందండీ, ఫ్రీజర్లన్నీ అవే కదా" అని. ఆ మాట నమ్మి రేటు వేసినవాళ్లు కూడా ఉన్నారు. నేను చూడ్డానికి వెళ్లి ముందు అడిగింది ఒక్కటే: ఇక్కడ చల్లదనం దేంతో? అమ్మోనియాతో, అన్నారు.

అమ్మోనియా రాగిని తినేస్తుంది, ఇత్తడిని కూడా వదలదు. అందుకే అమ్మోనియా ప్లాంటులో గ్యాసు నడిచే దారంతా ఇనుమో, స్టెయిన్‌లెస్సో, అల్యూమినియమో ఉంటుంది గానీ రాగి గొట్టం ఉండదు. ఫ్రియాన్‌తో నడిచే ఆఫీసు ఏసీలు, చిన్న కోల్డ్ రూముల్లోనే రాగి దొరుకుతుంది. మోటార్ల చుట్టలు, కేబుళ్లు, ఈ ఏసీలు కలిపి లెక్క వేస్తే నాకు 600 కిలోల పైన తేలింది. చివరికి కాటా మీద 640 కిలోలు వచ్చింది. మిగతావాళ్ల లెక్కలు ఎక్కడ తప్పాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకే మా యార్డులో చేరిన ప్రతి కుర్రాడికీ మొదట ఇదే నేర్పిస్తాను. ముక్క చేతిలోకి రాగానే మ్యాగ్నెట్ కోసం వెతక్కు, ఇది ఎక్కడ పనిచేసిందో కనుక్కో. ఉప్పునీళ్లలో పనిచేసిందా, నిప్పు దగ్గరా, కరెంటు మోసిందా, బరువు మోసిందా? అది చేసిన పని తెలిస్తే అది ఏ లోహమో సగం తెలిసినట్టే. ఇంత గట్టిగా నమ్మే మాటని ఈ లాట్‌లో ఒకచోట నేనే మర్చిపోయాను. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన జాబితా గురించి కూడా చెప్పాలి. అందులో "సిల్వర్ ట్రేలు 900" అని ఉంది, "స్టీలు సామాను" అని ఉంది, "ఇనుప సామాను" అని ఉంది. మన ఇళ్లల్లో సిల్వర్ గిన్నె అంటే అల్యూమినియం గిన్నె. కొన్ని ఊళ్లలో సత్తు గిన్నె అంటారు. స్టీలు అంటే స్టెయిన్‌లెస్సే. ఇంజనీర్లు స్టీలు అనేదాన్ని మనం ఇనుము అంటాం. జర్మన్ సిల్వర్‌లో వెండి అసలు ఉండదు, రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం అది. ఇంట్లో ఈ పేర్లతో ఏ ఇబ్బందీ లేదు. కానీ లాట్ జాబితాలో "స్టీలు" అన్న ఒక్క మాట కింద నాలుగు గ్రేడులు దాక్కుంటాయి, నాలుగింటికీ నాలుగు ధరలు.

విప్పే ముందు

సిస్టమ్‌లో గ్యాసు మొత్తం తీసేశాం అని ఒప్పందంలో రాసి ఇచ్చారు. అయినా రిసీవర్ ట్యాంకు అడుగున ఆయిలు తీసే వాల్వు కొంచెం తిప్పగానే కళ్లు మండాయి. ఆయిల్లో కలిసి అడుగున మిగిలిపోయిన అమ్మోనియా అది. ఆ ప్లాంట్లు తెలిసిన రిఫ్రిజరేషన్ మెకానిక్‌ని ముందే వెంట తీసుకెళ్లాం కాబట్టి సరిపోయింది. అమ్మోనియా నీళ్లలో బాగా కరుగుతుంది. ప్రతి ట్యాంకునీ, ప్రతి పైపు లైనునీ రెండు వైపులా తెరిచి, నీళ్లు నింపి, ఆ నీటిని వేరే తొట్టిలోకి పట్టి, మళ్లీ నింపాం. దీనికే రెండు రోజులు పట్టింది. రెండు వైపులా తెరిచి లేని ఏ డొల్ల వస్తువు మీదా గ్యాస్ కటింగ్ పెట్టకూడదన్నది మా దగ్గర మార్చరాని నియమం. మూతలు బిగించి ఉన్న సిలిండర్లు, డ్రమ్ములు కటింగ్‌లోనే పేలొచ్చు, లేదంటే తుక్కులో కలిసి ఫర్నేసు దాకా వెళ్లి అక్కడ పేలొచ్చు. రెండూ మనుషుల్ని చంపేవే.

రెండో రోజు మధ్యాహ్నం ఒక కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అన్నా, ఒక మిషను మీద పసుపు గుర్తుంది, మూడు రెక్కలది" అన్నాడు. అది రేడియేషన్ గుర్తు. అందరినీ దూరం జరిపి వెళ్లి చూశాను. రొయ్యల ప్యాకెట్లలో లోహపు ముక్కలు, గాజు పెంకులు ఉన్నాయేమో చూసే ఎక్స్-రే యంత్రం అది. ఎక్స్-రే ట్యూబు కరెంటు ఉంటేనే కిరణాలు పుట్టిస్తుంది, కరెంటు తీసేస్తే అందులోంచి ఏమీ రాదు. రేడియో ధార్మిక పదార్థం ఉన్న పెట్టె అలా కాదు, అది రాత్రీ పగలూ కిరణాలు వదులుతూనే ఉంటుంది. ఈ రెండింటి తేడా తెలియకపోయినా పర్వాలేదు, గుర్తు చూసి ఆగడం తెలిస్తే చాలు. ఆ కుర్రాడు ఆగాడు. వాడిని ఆ రోజు అందరి ముందూ మెచ్చుకున్నాను.

ఎందుకంటే 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో జరిగింది మా వృత్తిలో ఎవరూ మర్చిపోకూడదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన పాత గామా యంత్రం ఒకటి అక్కడికి చేరింది. లోపల రేడియో ధార్మిక కోబాల్ట్-60 ఉందని విప్పినవాళ్లకి తెలియదు. ఒకరు చనిపోయారు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లూ మనలాగే సీసం ఎంత వస్తుందో లెక్క వేసుకుంటూ విప్పినవాళ్లే. మా ఎక్స్-రే యంత్రంలో సీసపు తెరలు బాగానే వచ్చాయి. ట్యూబుని మాత్రం పగలగొట్టకుండా పక్కన పెట్టి, అలాంటి యంత్రాలు బాగుచేసేవాళ్లకి అప్పగించాం. కొన్ని ట్యూబులకి బెరీలియం లోహపు కిటికీ ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది.

సులువుగా తేలినవి

మొత్తం 63 టన్నుల పైచిలుకు సరుకు వచ్చింది. అందులో 41 టన్నులు మామూలు ఇనుము: షెడ్డు కమ్మీలు, అమ్మోనియా పైపులు, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకులు. దాంతో పెద్ద చిక్కేమీ లేదు. జీఐ రేకు మీద గ్యాస్ కటింగ్ వద్దని మాత్రం గట్టిగా చెప్పాను. జింక్ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వచ్చి వణికిపోతారు. కత్తెర యంత్రంతో కోయించాం.

బీడు, అంటే పోత ఇనుము, ఏడు టన్నులు. కంప్రెసర్ బాడీలు, మోటారు బాడీలు అవే. బీడుకీ ఇనుముకీ అనుమానం వస్తే గ్రైండర్ పెడతాం. ఇనుము నిప్పురవ్వలు పొడుగ్గా, తెల్లటి పసుపు రంగులో వెళ్లి చివర చీలతాయి. బీడు రవ్వలు పొట్టిగా, ఎర్రగా, రాయి దగ్గరే ఆరిపోతాయి. సుత్తితో కొడితే బీడు పగులుతుంది, ఇనుము సొట్టపోతుంది. స్టెయిన్‌లెస్‌లో 304, 202 తేడా కూడా రవ్వలతోనే చెప్పగలమనే వాళ్లు ఉన్నారు. నేను వాళ్ల మాట నమ్మను. రెండూ పొట్టి నారింజ రవ్వలే.

మోటార్ల విషయంలో ఇద్దరి మేలు చూసుకోవాలి. లోపలి చుట్ట తీయకుండా మోటారుని ఇనుములో వేస్తే మనకి రాగి పోతుంది. ఇనుము కరిగించేవాడికి అంతకంటే పెద్ద నష్టం. కరిగిన ఇనుములోకి చేరిన రాగిని మళ్లీ బయటికి తీసే దారి లేదు. ఆ ఇనుముని వేడిగా రోలింగ్ చేసేటప్పుడు పైన పగుళ్లు వస్తాయి. అందుకే ప్రతి మోటారూ విప్పించాను. చుట్టల్ని చూసి రాగి అనేసుకోకూడదు, అల్యూమినియం తీగ మీద కూడా రాగి రంగు ఎనామెల్ వేస్తారు. బ్లేడుతో గీకాలి, తీగని కోసి కొస చూడాలి. చిన్న మోటార్లలో 11 అలా తెల్లగా బయటపడ్డాయి.

కేబుళ్లు కాల్చనివ్వలేదు. ఒలిచే యంత్రం మీద పెట్టించాం. పీవీసీ పొగ ఎంత విషమో చెప్పనక్కర్లేదు. పైగా కాలిన రాగి మసిబారి గ్రేడు తగ్గుతుంది, నిగనిగలాడే మిల్‌బెరీ రేటు రాదు. జనరేటర్ బ్యాటరీల్ని నిలబెట్టి, ఆమ్లం ఒలకకుండా, రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి పంపాం. 2022 బ్యాటరీ నియమాల ప్రకారం అంతే చేయాలి.

అల్యూమినియం 3.8 టన్నులు. ట్రేలు రేకు రకం, ప్లేట్ ఫ్రీజర్ల పలకలు ఎక్స్‌ట్రూజన్ (అచ్చులోంచి తోసి చేసే) రకం, ఫ్యాన్ బాడీలు పోత రకం. పోతలో సిలికాన్ ఎక్కువ, విరిస్తే బూడిద రంగు పలుకుగా విరుగుతుంది. రేకు వంగుతుంది. మూడూ కలిపేస్తే మూడింటికీ పోత రేటే వస్తుంది. ఇక్కడ ఎక్కువ సమయం తిన్నవి ఇనుప బోల్టులు. ఇనుము అల్యూమినియంలో కరిగితే అది పెళుసుగా తయారవుతుంది, దాన్ని విడదీయడం కష్టం. ఫ్రీజర్ పలకల్ని డొల్లగా ఉన్నాయి కదా అని అలాగే నలగ్గొట్టలేదు. కాలువల్లో ఆయిలు మిగిలి ఉంది, అదంతా కార్పించాకే నొక్కించాం.

రెండు కుళాయిలు, ఒక బకెట్టు

చేతులు కడుక్కునే చోట ఉన్న కుళాయిలు గోతాం నిండా వచ్చాయి. అన్నిటికీ పైన క్రోమ్ మెరుపే. లోపల ఇత్తడా, జింకు పోతా అన్నది చూపుతో తేలదు. మ్యాగ్నెట్‌కి రెండూ అంటవు. గన్ కూడా పైపూత దగ్గరే మోసపోతుంది, క్రోమ్, నికెల్ అని చూపిస్తుంది.

మా దగ్గర చిన్న డిజిటల్ కాటా, ఒక బకెట్టు, నైలాన్ దారం ఉంటాయి. లోపలి వాషరు, ప్లాస్టిక్ ముక్కలు తీసేసి కుళాయిని తూచాం: 420 గ్రాములు. దారం కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా కాటాకి వేలాడదీశాం. గొట్టంలో గాలి బుడగ మిగలకుండా అటూ ఇటూ ఊపాం. నీళ్లలో 370. తగ్గిన బరువు 50. 420ని 50తో భాగిస్తే 8.4. నీటికంటే 8.4 రెట్లు బరువు, ఇత్తడి. దాని పక్కదే, అచ్చం అలాగే ఉన్నది: గాలిలో 347, నీళ్లలో 295. తగ్గింది 52. భాగిస్తే 6.7 దగ్గర. ఇత్తడి అంత తేలిగ్గా ఉండదు. జింకులో కొంచెం అల్యూమినియం కలిపిన పోత అది. నమ్మకం కోసం ఆకురాయితో అంచు మీద రెండుసార్లు గీశాను. మొదటిది పసుపు, రెండోది తెలుపు.

ఆకురాయితోనే తేలే దానికి బకెట్టు ఎందుకని అడిగాడు కుర్రాడు. రాగి పూత వేసి దానిమీద క్రోమ్ వేసిన జింకు మీద తేలిగ్గా గీస్తే ఎర్రటి గీత కనబడి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఒక పరీక్ష చెప్పిందాన్ని ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ గోతాంలో ఇత్తడి 38 కిలోలే, సగానికి పైగా జింకే. ఇత్తడి అని కలిపి పంపి ఉంటే కరిగించేవాడి మూస మొత్తం పాడయ్యేది.

స్టెయిన్‌లెస్ దగ్గర ఏం తప్పాం

స్టెయిన్‌లెస్ మొత్తం 9.5 టన్నులు. మా కుర్రాళ్లకి నేనిచ్చిన నియమం ఇది: "మ్యాగ్నెట్ అంటుకుంటే పక్కకి, అంటుకోకపోతే 304లోకి." తొందరలో చెప్పాను. వేరే లాట్ లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. ఆ నియమం రెండు వైపులా తప్పు.

304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం పైన. నికెల్ వల్లే దాని ధర, నికెల్ వల్లే దానికి మ్యాగ్నెట్ అంటదు. 202లో నికెల్ తగ్గించి ఆ స్థానంలో మాంగనీసు పెంచుతారు. మ్యాగ్నెట్‌కి అదీ అంటదు. మార్కెట్లో 202 అని పిలిచేవాటిలో నికెల్ 1 శాతమే ఉన్న రకాలు కూడా ఉన్నాయి. 304 కరిగించే చోటికి అది చేరితే నికెల్ పడిపోతుంది, మాంగనీసు పెరుగుతుంది, రాగి కూడా చేరుతుంది. ఆ లోటు పూడ్చడానికి వాళ్లు నికెల్ కొనాలి. లోడు వెనక్కి పంపారంటే వాళ్ల తప్పేం లేదు.

రెండో తప్పు ఇంకోవైపు జరిగింది. 304 రేకుని లోతుగా నొక్కి సింకు చేసినప్పుడు, మూలల్లో వంగిన చోట దానికి కొంచెం మ్యాగ్నెట్ లాగే గుణం వస్తుంది. బోల్టు తలలు, వెల్డింగ్ గీతలు కూడా అంతే. "అంటుకుంటే పక్కకి" అన్నాను కదా, కుర్రాళ్లు సింకులన్నీ 430 కుప్పలో వేసేశారు. క్యాంటీన్ సామాన్లలో కొంత 430 నిజంగానే ఉంది. దాంట్లో నికెల్ ఉండదు, మ్యాగ్నెట్ గట్టిగా పట్టుకుంటుంది. కానీ పట్టుకోవడంలో తేడా ఉంటుంది. 430 దగ్గర మ్యాగ్నెట్ టక్కున అతుక్కుని, ఊడదీయాలంటే బలం కావాలి. సింకు మూలలో అది మెల్లగా జారుతూ నిలబడుతుంది, అదే సింకు అడుగున చదునుగా ఉన్నచోట పెడితే జారి కింద పడిపోతుంది. దారానికి చిన్న మ్యాగ్నెట్ వేలాడదీసి పట్టుకుంటే ఆ తేడా కళ్లకి కనిపిస్తుంది.

లారీ తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే మా పెద్ద మేస్త్రీ వచ్చాడు. మేమంతా బాబాయ్ అంటాం, ఈ పనిలో ఆయన వయసు నా యార్డు వయసుకి రెట్టింపు. లోడు పైన ఉన్న గొట్టం ముక్క ఒకటి తీసి, ఎండలో తిప్పి చూసి, "ఏరా అబ్బాయ్, ఇది ఎక్కడిది?" అన్నాడు. రొయ్యలు ఒలిచే బల్ల కాలు బాబాయ్, అన్నాను. "కాలికి 304 ఎవడు పెడతాడురా?"

అక్కడ నాకు తెలిసింది. ఇది ఎక్కడ పనిచేసింది అని నేను అడగని చోటు అదే. రొయ్య తగిలేది బల్ల పైభాగానికి, కాబట్టి అది 304. కాలికి రొయ్య తగలదు, దానికి 202 గొట్టం చాలు. బల్లలు చేసేవాళ్లు ఖర్చు తగ్గించుకోవడానికి అలాగే చేస్తారు. ఆ తేడాని ఫ్యాక్టరీ నేలే చెబుతోంది, నేనే వినలేదు. రోజూ క్లోరిన్ నీళ్లతో కడిగే నేల అది. బల్లల పైభాగం ఇంకా తెల్లగా మెరుస్తోంది, కాళ్ల మీద టీ మరకల్లాంటి తుప్పు చుక్కలు ఉన్నాయి. ఆ మరకలు చూసి కూడా మురికి అనుకుని కడిగించాను.

74 బల్లలు, బల్లకి ఆరు కాళ్లు, కింద అడ్డ గొట్టాలు, అవిగాక ట్రాలీ ఫ్రేములు. అన్నీ 304 లోడులో ఉన్నాయి.

మళ్లీ వేరు చేయడం

ముగ్గురు మనుషులు, నాలుగు రోజులు. ముందు రాతలు వెతికించాను. మ్యాగ్నెట్, చుక్క మందు తర్వాత సంగతి. స్టెయిన్‌లెస్ వాల్వు బాడీ మీద పోతలోనే అక్షరాలు ఉంటాయి. సీఎఫ్8 అని ఉంటే 304 జాతి, సీఎఫ్8ఎం అని ఉంటే 316 జాతి. బోల్టు తల మీద ఎ2-70 అంటే 304 వైపు, ఎ4-80 అంటే 316 వైపు. తీగ బ్రష్‌తో రుద్దితే ఈ అక్షరాలు తేటగా కనిపిస్తాయి. మొదటిసారి మేం ఒక్క వాల్వు మీద కూడా రుద్ది చూడలేదు.

తర్వాత చుక్క మందు. మాంగనీసు ఎక్కువున్న 202 లాంటి లోహం మీద ఎర్రబడే మందు ఇది. గొట్టం మీద రూపాయి బిళ్లంత చోటు గ్రైండర్‌తో మెరిసేదాకా రుద్దాలి. నూనె, పూత, తుప్పు ఏదీ ఉండకూడదు. ఒక చుక్క వేసి, 9 వోల్టుల బ్యాటరీ ఒక కొసని లోహానికి, ఇంకో కొసని చుక్కకి తాకించి లెక్కపెట్టాలి. బల్ల పైభాగం మీద చుక్క అలాగే ఉండిపోయింది. కాలి మీద చుక్క పది లెక్కపెట్టేలోపే ఎర్రబడింది. "ఇంకోసారి చెయ్యి" అన్నాడు బాబాయ్. ఇంకోచోట రుద్ది మళ్లీ వేశాం. మళ్లీ ఎరుపే. ఆ రెండు ముక్కల్నీ కోసి నమూనాలుగా గోడకి వేలాడదీశాం. మందు పాతబడితే సరిగ్గా రంగు మారదు. అందుకే రోజూ పని మొదలుపెట్టే ముందు ఆ నమూనాల మీద మందుని పరీక్షించాకే సరుకు ముట్టుకుంటాం.

ఉప్పునీళ్ల ట్యాంకు, క్లోరిన్ కలిపే పైపులు చూస్తే 316 అయ్యుండాలని అనిపించింది, అవి చేసిన పని అలాంటిది. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం (మాలీ అంటాం) ఉంటుంది, ఉప్పు, క్లోరిన్ తాకిడికి 304 కంటే బాగా నిలబడుతుంది. మాలీ చుక్క మందు వేరే ఉంది, దాంతో చూశాం. చివర్లో పక్క యార్డు మిత్రుడి దగ్గర గన్ ఒక పూట అడిగి తెచ్చి, అనుమానం ఉన్నవన్నీ దాంతో తేల్చుకున్నాం. గన్ కొన్ని సెకన్లలోనే క్రోమియం, నికెల్, మాంగనీసు, మాలీ ఎంతెంతో చూపిస్తుంది. కార్బన్ మాత్రం దానికి కనబడదు, కాబట్టి 304కీ, కార్బన్ తక్కువుండే 304ఎల్‌కీ తేడా అది చెప్పలేదు. తుప్పు మీద, పెయింటు మీద పెట్టినా తప్పే చూపిస్తుంది.

6,180 కిలోల లోడు చివరికి ఇలా తేలింది: 304 సరుకు 4,870 కిలోలు, 316 సరుకు 260, 202 సరుకు 940, లోపల దూరిన ఇనుప బోల్టులు, 430 ముక్కలు కలిపి 70, రబ్బరు బూట్లు, సిలికాన్, మడ్డి 40. ఇక 430 కుప్పని తిరగేస్తే సింకులు, బోల్టుల రూపంలో 330 కిలోల 304 బయటికొచ్చింది. కొనుగోలుదారు గన్ పెట్టిన 20 చోట్లలో 5 చోట్ల, అంటే నాలుగో వంతు 200 సిరీస్ వచ్చింది. అసలు బరువులో అది ఆరో వంతు కూడా లేదు. గొట్టాలు చివర్లో ఎక్కించాం కాబట్టి పైనే ఉన్నాయి, గన్‌కి అవే ఎక్కువ దొరికాయి.

నాకు ఎక్కువ ఆలోచన పెట్టినవి కాళ్ల మొదళ్లు. సైటులో కటింగ్ చేసినప్పుడు బల్ల అడుగున నాలుగంగుళాల కాలు ముక్కలు వదిలేశారు. వాటిని వెల్డింగ్ దగ్గర కోయాలి. వెల్డింగ్‌కి ఏ పక్కన కోయాలన్నది ప్రశ్న. కాలు పక్కన కోస్తే 304లో బొటనవేలంత 202 మిగులుతుంది. బల్ల పక్కన కోస్తే 202లోకి కాస్త 304 రేకు పోతుంది. బల్ల పక్కనే కోయించాను. 202 కుప్పలోకి కాస్త 304 పోతే మనకి పోయేది ఆ ముక్క విలువే. 304 కుప్పలో కాస్త 202 ఉంటే లోడంతా వెనక్కి వస్తుంది. ఇప్పుడు ఏ రెండు లోహాలు అతికి ఉన్నా ఈ లెక్కతోనే కోస్తున్నాం.

ఆ లాట్ తర్వాత సైటులోనే, విప్పక ముందే, సుద్దముక్కతో గుర్తులు పెట్టించడం మొదలుపెట్టాను. బల్ల నిలబడి ఉన్నప్పుడు కాలేదో, పైభాగమేదో పిల్లాడికైనా తెలుస్తుంది. కోసి కుప్ప పోశాక అన్నీ ఒకేలా ఉంటాయి, అప్పుడు ఒక్కో ముక్కకీ గ్రైండరు, చుక్క, బ్యాటరీ కావాలి. సుద్దముక్కతో ఒక పూటలో అయ్యే పనికి మేం నాలుగు రోజులు పెట్టాం.

అదే కొనుగోలుదారుకి మళ్లీ ఫోన్ చేశాను. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను, ఏ బరువు ఎంత తేలిందో చదివి వినిపించాను. పంపండి చూస్తాం అన్నారు. ఈసారి 20 చోట్లతో ఆగలేదు, లోడు దించుతూ మధ్యలో, అడుగున ఇంకో పది చోట్ల గన్ పెట్టారు. 30కి 30 చోట్లా 304 వచ్చింది. అవతలి యార్డు సూపర్వైజరు ఫోన్లో ఆ మాట చెప్పినప్పుడు బాబాయ్ పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు, టీ చెప్పించాడు. రానుపోను లారీ కిరాయి, నాలుగు రోజుల కూలి నష్టమే. 316ని విడిగా అమ్మినందుకు, సింకుల్లోంచి తిరిగొచ్చిన 304కి వచ్చిన డబ్బుతో అందులో కొంత పూడింది.

యార్డులో ఒక మూల నీలం డ్రమ్ము ఉంది, దాని మీద "తెలియనివి" అని రాసి ఉంటుంది. అనుమానం తీరని ముక్క దేన్నీ అంచనాతో ఏ కుప్పలోనూ వేయం, ఆ డ్రమ్ములో వేస్తాం. ఆ రొయ్యల ఫ్యాక్టరీ సరుకులోంచి దాంట్లో ఇంకా ఏడు ముక్కలు ఉన్నాయి. ఒకటి పంపు షాఫ్టు, మ్యాగ్నెట్ గట్టిగా అంటుతుంది, కానీ ఇన్నేళ్లు ఉప్పునీళ్లలో తిరిగినా తుప్పు చుక్క లేదు. వచ్చే వారం గన్ మళ్లీ తెప్పిస్తున్నాం, ముందు దాన్నే చూడాలి.